చిన్న గుండె దొడ్డమ్మ

ఏమిరా అల్లుడా, మిట్ట కనబడితే సైకిలు దిగి తోసుకుంటా వచ్చేటోడా, ఈడ కూసో. కొత్త చెప్పులు కరుస్తాండాయని చంకలో పెట్టుకోని నడిసినోడివి నువ్వు, నాకు కార్ల సంగతి చెప్పేది. నీకు తెలివి ఎక్కువని మీ అమ్మ ఊరంతా చెప్పుకుంటా ఉండాది. చూస్తాం. ఈ కథలో ఒకడు మోసం చేయల్లనుకున్నాడు, ఒకడు ఆ మోసాన్ని చెడగొట్టల్లనుకున్నాడు, ఒకడు ఊరికే నడిసినాడు. మోసపోయినోడు ఎవడో నువ్వు చెప్పల్ల. చెప్తే నీకు కాఫీ, చెప్పకపోతే నాకు కాఫీ. రెండూ నువ్వే తాపించల్ల.

గుమ్మఘట్ట నుంచి రాయదుర్గానికి అద్దెకు తిరిగే ఆ కారును ఊళ్లో ఎవరూ కారు అనేవారు కాదు. సగం కన్నడం కలిసిన నోళ్లు కాబట్టి దొడ్డమ్మ అనేవారు, పెద్దమ్మ అని. పేరుకు తగ్గట్టే ఉండేది. మూతి ముందుగా మలుపు తిరిగితే తోక చాలాసేపటికి తిరిగేది. యుద్ధం రోజుల్లో ఎవరో దొర వాడి వదిలేసిన అమెరికా కారు. లోపల ఆరుగురు, బయట అంచుల మీద నలుగురు, వెనక డిక్కీలో రెండు మేకలు పట్టేవి.

బానెట్టు ఎత్తితే మాత్రం నవ్వొచ్చేది. నీళ్లు దొరకని ఒక ఎండాకాలంలో దాని సొంత ఇంజను పగిలిపోయింది. యజమాని గంగాధరప్ప బళ్లారి పాత ఇనుము గుజిరీలో ఒక చిన్న కారు ఇంజను చూసి, ఎద్దులబండిలో తెచ్చి, ఇనుప పట్టీలేసి అందులో బిగించాడు. గాదె అడుగున చెంబు పెట్టినట్టు ఉండేది. చుట్టూ ఎంత ఖాళీ అంటే, ఒకసారి గంగాధరప్ప ఇంటి కోడి అందులో దూరి గుడ్డు పెట్టింది. ఆ గుడ్డు రాయదుర్గం దాకా పోయి, పగలకుండా తిరిగొచ్చింది.

సమంగా ఉన్న దారిలో దొడ్డమ్మ బాగానే పోయేది. చిక్కంతా సగం దూరంలో ఉన్న ఎర్రమిట్ట దగ్గరే. అక్కడికి రాగానే ఎవరూ చెప్పకుండానే జనమంతా దిగేసేవారు. బరువు తగ్గిన కారు మూలుగుతూ, మనిషి నడకతో పైకెక్కేది. జనం వెనక మెల్లగా నడిచి వచ్చేవారు. డ్రైవరు అల్లాబకాష్ మిట్ట మీద వాళ్ల కోసం కాచుకుని ఉండేవాడు, ఇంజను ఆపకుండా. ఆపితే మళ్లీ రాజుకోవడానికి హ్యాండిలు తిప్పేవాళ్లు ఇద్దరు కావాలి.

బేస్తవారం పొద్దున అల్లాబకాష్ గంగాధరప్ప ఇంటి ముందు గోనెపట్ట పరుచుకుని ప్లగ్గులు తోముతున్నాడు. నాలుగు ప్లగ్గులు విప్పి, వరసగా పెట్టి, ఒక్కొక్కదాని మూతిని గరుకు కాగితంతో రుద్ది, ఊది, వెలుతురుకు ఎత్తి చూసి, మళ్లీ రుద్దుతున్నాడు. యాభై దాటిన మనిషి. గడ్డంలో సగం తెలుపు. మసీదు వెనక ఒంటి గది ఇల్లు, అందులో ఒక చాప, ఒక తట్ట, ఒక లోటా. సాయంత్రం కారు నిలిపి ఇంటికి పోతే మళ్లీ పొద్దున కారు తలుపు తెరిచేదాకా అతనికి మాట్లాడే పని ఉండేది కాదు. అందుకే రోజూ మొదటి మాట గొంతులో చిక్కుకునేది. ఒకసారి దగ్గి, తర్వాత "కూసోండప్పా" అనేవాడు.

గంగాధరప్ప పంచె అంచుతో మెడ తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు. చెనక్కాయల వ్యాపారి. నిలబడిన చోట నిలబడకుండా మాట్లాడే మనిషి.

"బకాషూ, ఎల్లుండి శనివారం ధర్మవరం నుంచి ముత్యాలప్ప అని ఒకాయప్ప వస్తాండాడు. పట్టుచీరల వ్యాపారం. బండి చూసేకి."

"చూసేకా అన్నా?"

"చూసేకే. నచ్చితే తోలుకపోయేకి."

అల్లాబకాష్ చేతిలో ప్లగ్గు రుద్దడం ఆగలేదు. తోమడం అయిపోయినదాన్నే మళ్లీ తోముతున్నాడు.

"మిట్ట తట్టు మాత్రం తిప్పొద్దు," అన్నాడు గంగాధరప్ప, గొంతు తగ్గించి. "ఏటి దావ సమంగా ఉండాది గదా, ఆడ మూడో గేరులో రయ్యిమని పోనీ. ఆయప్పకు బానెట్టు ఎత్తి చూపించే పని పెట్టుకోవద్దు. వెనక ఇరుసు గరగర అంటాండాదే, దాంట్లో రంపంపొట్టు కూరు, మూడు దినాలు నోరు మూసుకుంటాది. ధర్మవరం పోయినాక ఏమన్నా అరుచుకోనీ."

"అది మోసం గదన్నా."

"మోసమా? నాకు అమ్మినోడు చెప్పి అమ్మినాడా? నువ్వేమి నిన్న పుట్టినావా?"

"మల్ల నేను?"

"నువ్వేమి?"

"బండి పోతే నేనేం చేయల్ల?"

గంగాధరప్పకు ఆ సంగతి అప్పుడే తోచినట్టుంది. చుట్టూ చూశాడు. చెనక్కాయల మూటలు పెట్టుకునే రేకుల కొట్టు కనబడింది.

"గోడౌనుకు కాపలా ఉండు. నీడ పట్టున కూచోని తినేదే. ఎవురితో నోరు నొప్పి పెట్టుకునే పని గూడా లేదు."

ఆ మాట మంచి మనసుతోనే అన్నాడు. అల్లాబకాష్ తల ఊపి నాలుగు ప్లగ్గులూ వాటి చోట్లలో బిగించాడు. బిగించేటప్పుడు ఒక్కొక్కదానికి ఎంత తిప్పాలో వేళ్లకు తెలుసు. ఆ రోజు మూడోది రెండుసార్లు విప్పి బిగించాల్సి వచ్చింది.

శుక్రవారం రాయదుర్గం సంత. కారు నిండింది. ముందు సీట్లో తమలపాకుల గంపతో ఓబులమ్మ. పదేళ్లుగా ఆ సీటు ఆమెదే, ఇంకెవరైనా కూర్చుంటే గంప వాళ్ల ఒళ్లో పెట్టేది. వెనక కంబళ్ల మూటల మధ్య తల మాత్రమే కనబడుతూ పాపన్న. మిగిలినవాళ్లు సంత జనం.

"సాబన్నా, దొడ్డమ్మకు పొద్దున సద్ది పెట్నావా లేదా? మూలుగుతాండాది," అన్నాడు పాపన్న.

"నువ్వు ఎక్కినావు గదా, అందుకే."

"నేను ఎంతుంటా, ఎముకలు. బరువంతా ముందర కూసున్నోళ్లదే."

"నీ నోట్లో మన్ను పడ," అంది ఓబులమ్మ, వెనక్కి తిరక్కుండానే.

ఎర్రమిట్ట వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. అంతా దిగారు. అల్లాబకాష్ క్లచ్చి మెల్లగా వదిలి, మొదటి గేరులో, చెవి ఇంజను మీద పెట్టి ఎక్కించాడు. యాక్సిలరేటరు ఎక్కువ తొక్కితే దగ్గుతుంది, తక్కువ తొక్కితే ఆగుతుంది. రెండింటికీ మధ్య వెంట్రుక మందం చోటు ఉంది. ఆ చోటు అతని కుడికాలి బొటనవేలికి తెలుసు.

పైకి చేరి, హ్యాండ్ బ్రేకు లాగి, చక్రం కింద రాయి పెట్టి, మళ్లీ కూర్చున్నాడు. నలువైపులా ఎర్రమన్ను, కోత కోసిన చేలు, అక్కడక్కడా తుమ్మ చెట్లు. గట్టి వాన పడి రెండేళ్లు. గాలి మాత్రం ఆగకుండా వీచేది.

కింద నుంచి నవ్వులు వినబడ్డాయి. ఓబులమ్మ ఏదో చెబుతోంది. మధ్యలో పాపన్న గొంతు. మళ్లీ అందరూ ఒక్కసారిగా నవ్వారు. మిట్ట మీద నుంచి చూస్తే వాళ్లు ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసుకుని, కడుపు పట్టుకుని, ఆగి ఆగి వస్తున్నారు. మాటలు మాత్రం గాలికి ఇంకో పక్కకు పోతున్నాయి. పదేళ్లుగా అంతే. ఆ మిట్ట మీద ఎన్ని పెళ్లిళ్లు కుదిరాయో, ఎన్ని తగువులు తీరాయో. అన్నీ అతని వెనకాల, అతనికి వినబడనంత దూరంలో.

వాళ్లు పైకి చేరేసరికి నవ్వు అయిపోయి ఆయాసం మిగిలింది.

"ఏమి, అట్ల నవ్వుతాంటిరి?" అడిగాడు అల్లాబకాష్.

"ఏమీ లేదులే సాబన్నా. ఊరికే," అంది ఓబులమ్మ గంప సర్దుకుంటూ.

కారు దిగువకు సాగింది.

"బండి అమ్ముతాండారంటనే?" అన్నాడు పాపన్న, వెనక నుంచి.

"ఎవురు చెప్పినారు?"

"ఊరంతా చెప్పుకుంటాండారు. మంచిదే. రాయదుర్గం నుంచి బస్సు ఏస్తారంట. ఇంక ఈ మిట్ట నడిసే పీడ ఇడుస్తాది."

"నీకూ మంచిదే," అంది ఓబులమ్మ. "గోడౌనులో నీడ పట్టున ఉండొచ్చు. అదృష్టమంతుడివి నువ్వు."

అల్లాబకాష్ అద్దంలో చూశాడు. ఎవరి మొహంలోనూ కుళ్లు లేదు, జాలీ లేదు. నిజంగానే అతనికి మంచి జరుగుతోందని అనుకుంటున్నారు. అతను కూడా నవ్వాడు. నవ్వడం కొంచెం ఆలస్యమైంది కానీ ఎవరూ చూడలేదు.

సంతలో జనం దిగిపోయాక మసీదుకు పోయి నమాజు చేసుకున్నాడు. వచ్చేటప్పుడు కట్టెల డిపో దగ్గర ఆగి, గంగాధరప్ప చెప్పినట్టే ఒక సంచి రంపంపొట్టు అడిగి తీసుకున్నాడు. కారు కింద దూరి, వీపు వేడి మన్ను మీద ఆనించి, ఇరుసు డబ్బా బిరడా విప్పాడు. ఇంజను మారినా, ఆ ఇరుసు మాత్రం కారుతో పుట్టింది. చాలాసేపు దాన్నే చూస్తూ పడుకున్నాడు. తర్వాత బిరడా బిగించాడు. బయటికి వచ్చి సంచి దులిపితే పొట్టు గాలికి సంత మీదుగా ఎగిరిపోయింది.

మోసం చేయకూడదనే భయం కాదు అది. ఇంకో ఆలోచన తట్టింది. ధర్మవరపాయన్ను ఏటి దారిలో కాదు, ఎర్రమిట్ట మీదికే తీసుకుపోవాలి. ఒట్టి కారుతో కాదు, నిండా జనంతో. దొడ్డమ్మ గుండె ఎంతో కళ్లారా చూస్తే ఎవడు కొంటాడు? కొనకపోతే కారు ఊళ్లోనే ఉంటుంది. పొద్దున తలుపు తెరిచి, ఒకసారి దగ్గి, "కూసోండప్పా" అనొచ్చు.

తిరిగొచ్చేటప్పుడు మిట్ట మీద కాచుకుని కూర్చున్నప్పుడు అతనికి తనలో తనకే నవ్వొచ్చింది.

శనివారం పొద్దున ముత్యాలప్ప దిగాడు. సన్నగా, తెల్లగా, చేతిలో గొడుగు. వెంట లింగప్ప అని బావమరిది, మెడలో ఎర్ర గుడ్డ, మాట తక్కువ. గంగాధరప్ప కాఫీ ఇచ్చి, కారు గొప్పలు చెప్పి, అల్లాబకాష్‌కు కనుసైగ చేశాడు. చెనక్కాయల లారీ వచ్చి ఉంది కాబట్టి తాను రాలేనన్నాడు. నిజానికి ఆ పక్కన ఉండి అబద్ధం చూడటం అతనికీ కష్టమే.

ఊరి చివర ఓబులమ్మ, పాపన్న, ఇంకో నలుగురు నిలబడి ఉన్నారు. అల్లాబకాష్ ముందే చెప్పి పెట్టాడు, రాయదుర్గం దాకా డబ్బుల్లేకుండా ఎక్కిస్తానని.

"వీళ్లెవురు?" అడిగాడు ముత్యాలప్ప.

"బండి బరువు మోస్తే ఎట్ల పోతాదో చూడొద్దా సామీ? ఒట్టి బండి ఎవుడైనా తోలుతాడు."

"అదీ నిజమే," అని ముత్యాలప్ప జరిగి కూర్చున్నాడు.

ఎర్రమిట్ట మొదట్లో అలవాటు ప్రకారం తలుపులు తెరుచుకున్నాయి.

"ఎవురూ దిగొద్దు," అన్నాడు అల్లాబకాష్.

"ఏమప్పా, తెల్లారే తాగినావా?" అన్నాడు పాపన్న.

"కూసోమంటే కూసో."

కారు ఎక్కడం మొదలుపెట్టింది. నలభై అడుగులు బాగానే పోయింది. తర్వాత మూలిగింది. బానెట్టు వణికింది. బొటనవేలికి తెలిసిన ఆ చోటును అల్లాబకాష్ కావాలనే దాటించాడు. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. కారు వెనక్కి జారడం మొదలైంది. ఓబులమ్మ అమ్మవారిని తలుచుకుంది. పాపన్న కంబళి వదిలేసి దూకి, చక్రం కింద రాయి తోశాడు. కారు నిలబడింది.

ముత్యాలప్ప మెల్లగా తలుపు తెరిచి, గొడుగు ముందు బయట పెట్టి, తర్వాత దిగాడు. ముందుకు పోయి బానెట్టు తనే ఎత్తాడు. చాలాసేపు లోపలికి చూశాడు.

"ఇంజను దీనిది కాదే."

"కాదు సామీ," అన్నాడు అల్లాబకాష్. అబద్ధం చెప్పాల్సిన పని లేకపోవడం హాయిగా ఉంది. "చిన్న బండిది."

"రేడియేటరు?"

"అది దీనిదే. పాతదే."

ముత్యాలప్ప రేడియేటరు మీద చెయ్యి పెట్టాడు. తీశాడు. మళ్లీ పెట్టాడు. లింగప్పను పిలిచి అతని చెయ్యి కూడా పెట్టించాడు.

"అందరూ దిగండి. సాబూ, ఇప్పుడు ఒట్టిగా ఎక్కించు, చూస్తా."

లింగప్ప, పాపన్న కలిసి హ్యాండిలు తిప్పారు. ఇంజను రాజుకుంది. కారు కదిలింది. ముత్యాలప్ప వెనక జనంతో ఆగలేదు. డ్రైవరు కిటికీ మీద చెయ్యి వేసి, కారుతో పాటు నడవసాగాడు. ఇంకో పక్క కిటికీ దగ్గర లింగప్ప.

అల్లాబకాష్ ఎటు చూడాలో తెలియక ఒకసారి పక్కకు చూశాడు. పదేళ్లలో ఆ మిట్ట మీద అతని పక్కన మనిషి ఉండటం అదే మొదటిసారి.

"దీన్ని ఇట్లే ఎంతసేపు తోలొచ్చు, ఈ నడకనే?"

"పొద్దుగూకులు తోలొచ్చు సామీ."

"నీళ్లు కాగవా?"

"యాడ కాగుతాయి. చెంబంత ఇంజను, బాయంత రేడియేటరు. ఈ కరువులో గూడా నేను పది దినాలకొకసారి నీళ్లు పోస్తా. మా ఊరి ఆడోళ్లను అడగండి, బాయి కాడ నా బిందె చూసి ఎవురూ తిట్టరు."

"ఆగుతా పోతా ఉంటే?"

"దానికొక కాలి మర్మముంది." గొంతు చిక్కుకోకుండా వస్తోంది. అల్లాబకాష్‌కే వింతగా ఉంది. "క్లచ్చి మీద కాలు పూర్తిగా తీయగూడదు, పూర్తిగా పెట్టగూడదు. ఇదో, ఈ శబ్దం ఇనండి. ఈ శబ్దం కొంచెం సన్నమైతే బొటనేలుతో ఒక నూలుపోగంత తొక్కల్ల. అంతే. లోపల పసిబిడ్డ నిద్రపోతా ఉన్నా లేయదు."

"బ్రేకులు?"

బ్రేకుల గురించి చెప్పాడు. స్టీరింగు ఎడమ పక్కకు గుంజితే ఎట్లా సరిచేయాలో చెప్పాడు. ఇరుసు గరగర అంటుంది కానీ ఏమీ కాదని, దానికి ఏ నూనె పోయాలో చెప్పాడు. కోడి గుడ్డు సంగతి కూడా చెప్పాడు. ముత్యాలప్ప ఆగి, గొడుగు మీద ఆనుకుని నవ్వాడు. వెనక వస్తున్న ఓబులమ్మ, పాపన్న దగ్గరికి వచ్చి ఏమిటని అడిగారు. మళ్లీ చెప్పాడు. వాళ్లూ నవ్వారు. మిట్ట అంత తొందరగా అయిపోయిందేమిటా అనిపించింది అతనికి.

పైన ముత్యాలప్ప గొడుగు మూసి, "చాలు. తిప్పు. ఊళ్లోకి గూడా ఇదే నడకన తోలు," అన్నాడు.

ఓబులమ్మ, పాపన్న రాయదుర్గం ఆశ వదిలేసి వెంట నడిచారు. దొడ్డమ్మ మనిషి నడకతో, ముందొకరు వెనకొకరు రాగా ఊళ్లోకి వచ్చింది. అరుగుల మీద జనం లేచి నిలబడి చూశారు. కొనడు, ఇంక కొనడు అని అల్లాబకాష్ లోపల లోపల అనుకుంటూనే ఉన్నాడు. ఆ ధైర్యంతోనే దారి పొడుగునా ఇంకా నాలుగు మంచి మాటలు చెప్పాడు.

గంగాధరప్ప వాకిట్లో నిలబడి ఉన్నాడు. కారు మిట్ట వైపు నుంచి, అదీ నడుస్తూ రావడం చూడగానే మొహం మాడింది.

ముత్యాలప్ప అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగి తాగాడు.

"బండి తీసుకుంటా," అన్నాడు. "మీరు చెప్పిన ధరే ఖాయం."

"ఈ బండినా?" అన్నాడు గంగాధరప్ప. అల్లాబకాష్ చేయి బానెట్టు మీద అలాగే ఉండిపోయింది.

"పెండ్లి మెరవణికి అప్పా, ఊరేగింపుకు," అన్నాడు ముత్యాలప్ప. "మా ఊళ్లో పట్టుచీర కొనేకి వచ్చినోళ్లు మెరవణి బండి గూడా నన్నే అడుగుతారు. ముందర నాదస్వరమోళ్లు అడుగుకొకసారి నిలబడి వాయిస్తారు. వెనక పెద్ద ఇంజను బండి నాలుగు బజార్లు దాటేసరికి కుతకుత ఉడుకుతాది. పోయేకి నీళ్లు యాడుండాయి? పోయిన చైత్రంలో పెండ్లికొడుకు దిగి తోసినాడు, బాసికం కట్టుకోని. పరిగెత్తే బండ్లు నా తావ నాలుగుండాయి. ఈ సాబు సమమైన దావలో పరిగెత్తించి చూపించింటే నేను అట్నించి అటే మా ఊరికి పోయేటోణ్ణి. నాకు నడిసే బండి కావల్ల."

అల్లాబకాష్ ఒకసారి దగ్గాడు.

"సామీ, నేను గూడా రానా? దీని గుణం నాకు తెలిసినట్ల..."

"నిజమే సాబూ. నీ మాదిరి ఎవురికీ తెలీదు." ముత్యాలప్ప చేతులు జోడించాడు. "ఏమీ దాచుకోకుండా అంతా చెప్తివి. లింగప్ప పట్టేసినాడు. మా ఇంటోడే, తోలుకుంటాడు."

లింగప్ప అప్పటికే లోపల కూర్చున్నాడు. క్లచ్చి మీద కాలు పూర్తిగా తీయలేదు, పూర్తిగా పెట్టలేదు. ఇంజను శబ్దం సన్నమైనప్పుడు బొటనవేలితో ఒక నూలుపోగంత తొక్కినట్టున్నాడు. దొడ్డమ్మ వీధి మలుపు దగ్గర మూతి తిప్పింది. తోక తిరగడానికి చాలాసేపు పట్టింది. తర్వాత అదీ తిరిగిపోయింది.

గంగాధరప్ప అల్లాబకాష్ భుజం మీద గట్టిగా చరిచాడు. అంత దగ్గరగా అతను ఎప్పుడూ రాలేదు.

"బకాషూ, నేను మూడో గేరు, రంపంపొట్టు అని చెప్తే, నువ్వు మిట్టకు తీస్కపోతివి. నా మాట ఇనింటే బేరం పోయేది గదప్పా. ఆయప్ప మెరవణికని నాకు చెప్పనే లేదు. నీకెట్ల తెలిసె?"

జనం చుట్టూ మూగారు. ఓబులమ్మ, పాపన్న, అరుగుల మీది వాళ్లు, అంతా అతని మొహమే చూస్తున్నారు. ఇంతమంది తన మాట కోసం కాచుకుని నిలబడటం అల్లాబకాష్ ఎన్నడూ ఎరగడు.

"మనిషిని చూస్తే తెలీదా అన్నా," అన్నాడు.

"చూస్తిరా," అన్నాడు పాపన్న, అందరి వైపు తిరిగి. "నోట్లో నాలుక లేనోడనుకుంటిమి."

"పాతాళమంత లోతు మనిషి ఈయప్ప," అంది ఓబులమ్మ నవ్వుతూ. "అందుకేనా మమ్మల్ని దిగనీకుండా కూసోబెడ్తివి. చెప్పు సాబన్నా, నిజంగా ఎవుర్ని బోల్తా కొట్టించల్లనుకున్నావు నువ్వు? ఈ అన్ననా, ధర్మవరపాయప్పనా?"

అల్లాబకాష్ బానెట్టు తుడిచే గుడ్డను నాలుగు మడతలు పెట్టాడు. పెట్టుకోవడానికి కారు లేదు కాబట్టి భుజం మీద వేసుకున్నాడు.

"ఇద్దర్నీ అనుకుంటి ఓబులమ్మా," అన్నాడు గోడౌను వైపు నడుస్తూ. "పడింది మాత్రం మూడోవాడు."

ఆ మూడోవాడెవరో వాళ్లకు అర్థం కాలేదు. అయినా అంతా నవ్వారు.